పేట బడి, ఊరి బడి: కలపమని కోర్టుకెళ్ళే తల్లిదండ్రులకి

గోదావరి డెల్టాలో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల జాబితా తిరగేస్తే చాలాచోట్ల ఒకే ఊరి పేరు రెండుసార్లు కనిపిస్తుంది. రెండోదాని పక్కన 'హెచ్‌డబ్ల్యూ' (హరిజనవాడ) అనో 'ఎస్సీ పేట' అనో ఉంటుంది. రెండు బళ్ళకీ మధ్య ఒక పంటకాలవో సిమెంటు రోడ్డో అడ్డం. పుస్తకాలు అవే, పరీక్షలు అవే. పిల్లలు మాత్రం వేరు, చాలాసార్లు టీచర్ల లెక్కా వేరే. ఇలాంటి ఊళ్ళకోసం ఇది రాస్తున్నాం. ఒకే బడిలో మధ్యాహ్న భోజనం వరసలు వేరుచేసినచోట, ప్రైవేటు స్కూల్లో 25 శాతం కోటా పిల్లల్ని పక్కగదిలో పెట్టినచోట కూడా దారి ఇంచుమించు ఇదే.

ఆర్డరు తెచ్చుకోవడం ఇందులో సగం పని కూడా కాదు. ఆ సంగతి అమెరికా నల్లజాతి తల్లిదండ్రులకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బ్రౌన్ కేసులో 1954 మే 17న అక్కడి సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఏకమై, రంగునిబట్టి బళ్ళు వేరుచేయడం చెల్లదన్నారు. ఎప్పటిలోగా కలపాలో మాత్రం మరుసటేడు చెప్పారు. అదీ తేదీ లేకుండా, ఆచితూచి త్వరగా చేయండి అన్న ధోరణిలో. ఫలితం: పదేళ్ళ తరవాత కూడా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్ల పిల్లలతో కలిసి చదివే నల్ల పిల్లలు నూటికి ముగ్గురు లేరు. కాబట్టి మీ పిటిషన్లో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించి రాయాల్సింది చివరి పేజీ, అంటే కోర్టు ఏం ఆదేశించాలో అడిగే 'ప్రేయర్'. అక్కడ తేదీ లేకపోతే ఆర్డరులోనూ ఉండదు.

కోర్టు ఏది ఇవ్వగలదు

ఊళ్ళో పెద్దరైతుల పిల్లలు పసుపుపచ్చ వ్యానెక్కి భీమవరమో అమలాపురమో పోతుంటే, వాళ్ళని తెచ్చి సర్కారు బళ్ళో కూర్చోబెట్టమని ఏ కోర్టూ చెప్పదు. అమెరికాలోనూ ఇక్కడే బండి ఆగింది. డెట్రాయిట్ నగరంలోని బళ్ళని చుట్టుపక్కల శివారు జిల్లాలతో కలపడానికి 1974లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఒప్పుకోలేదు. తెల్లవాళ్ళు శివార్లకి పోయారు, నగరం బళ్ళలో నల్ల పిల్లలే మిగిలారు.

మీకు దొరికేవి వేరే ఉన్నాయి: రెండు సర్కారు బళ్ళని ఒకటి చేయడం, పేట బడికి చట్టప్రకారం రావాల్సిన టీచర్ని వేయించడం, భోజనం దగ్గర, మంచినీళ్ళ దగ్గర, మరుగుదొడ్ల దగ్గర తేడా ఆపడం, బోర్డుమీద కులం పేరు తీయించడం, ప్రైవేటు స్కూల్లో కోటా సీటూ ఆ సీటుతోపాటు అదే తరగతిగదీ. వీటిలో ఏది కావాలో ముందే తేల్చుకోండి. అన్నీ ఒకే పిటిషన్లో కుక్కితే ప్రభుత్వ ప్లీడరు తేలికైనదానికి జవాబిచ్చి మిగతావి దాటేస్తాడు.

ఏ చట్టం ఎక్కడ పనికొస్తుంది

హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌కి పునాది రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 15 (వివక్ష నిషేధం), 17 (అంటరానితనం రద్దు), 21ఏ (చదువు హక్కు) అధికరణలు. ప్రభుత్వ బడి విషయంలో రోజూ అక్కరకొచ్చేది విద్యాహక్కు చట్టం, 2009. బలహీనవర్గాల పిల్లలపట్ల వివక్ష లేకుండా చూడాల్సింది ప్రభుత్వమని సెక్షన్ 8(సి), స్థానిక సంస్థ అని సెక్షన్ 9(సి) చెబుతున్నాయి. అదే చట్టం షెడ్యూలులో టీచర్ల లెక్కుంది: 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90కి ముగ్గురు, 91 నుంచి 120కి నలుగురు. పదిహేనుమందే ఉన్నా ఇద్దరు టీచర్లు ఉండాలన్నమాట. పేట బడి ఒక్క టీచరుతో నడుస్తుంటే ఇంతకన్నా సూటి ఆధారం ఉండదు. ఈ అంశం గెలవడానికి కులద్వేషం రుజువుచేయాల్సిన పని లేదు, హాజరుపట్టీ చాలు.

క్రిమినల్ కేసుకి రెండు చట్టాలున్నాయి. పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1955 సెక్షన్ 5 ప్రకారం అంటరానితనం పేరుతో బళ్ళో చేర్చుకోకపోయినా, చేర్చుకున్నాక తేడా చూపినా నెల నుంచి ఆరు నెలల వరకు జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. ఆ జరిమానా చూసి నవ్వు రావచ్చు గానీ ఈ సెక్షన్ని తక్కువ అంచనా వేయకండి. బాధితుడు ఎస్సీ అయితే, ఆ పని అంటరానితనంవల్లే జరిగిందని సెక్షన్ 12 కింద కోర్టు అనుకుని తీరాలి, కాదని చూపించే భారం అవతలివాళ్ళది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం) సెక్షన్ 3(1)(జడ్‌ఏ) విద్యాసంస్థలోకి రానీయకపోవడాన్ని, అందరికోసం ఉంచిన పాత్రలు వాడనీయకపోవడాన్ని నేరమంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వరకు శిక్ష. ఎఫ్‌ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని అదే చట్టం సెక్షన్ 18ఏ చెబుతుంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గనివాళ్ళే చేయాలి.

డెల్టాలో ఇక్కడొక పెద్ద చిక్కుంది. పేటల్లో చర్చికి వెళ్ళే కుటుంబాలు చాలా ఎక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి, సిక్కులకి, బౌద్ధులకే. క్రైస్తవంలోకి మారినవాళ్ళు అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో తీర్పిచ్చింది. అవతలి లాయరు మొదట వెతికేది దీన్నే: చర్చిలో పెళ్ళి ఫొటో, బాప్తిస్మం రిజిస్టరు. కాబట్టి కేసు మొత్తాన్ని అట్రాసిటీ చట్టానికి వేలాడదీయకండి. 1955 చట్టం సెక్షన్ 5లో ఉన్నది 'ఎవరైనా వ్యక్తి' అని, 'షెడ్యూల్డు కులస్థుడు' అని కాదు. 17వ అధికరణా అంతే. విద్యాహక్కు చట్టంలో బీసీ-సీ (క్రైస్తవంలోకి మారిన ఎస్సీ కుటుంబాలు) పిల్లలకీ చోటుంది. పిటిషనర్లలో కులం సర్టిఫికెట్టుమీద తకరారు రాని ఒకటి రెండు కుటుంబాలు తప్పనిసరిగా ఉండేట్టు చూసుకోండి.

ప్రైవేటు స్కూళ్ళకైతే విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి). ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు. మన రాష్ట్రంలో ఆ పాతిక ఇలా పంచారు: ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకి 5, మిగతా బలహీనవర్గాలకి 6. ఈ సెక్షన్ చెల్లుతుందని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. మైనారిటీ స్కూళ్ళకి వర్తించదని 2014లో చెప్పింది. సీటు ఇచ్చి వేరే గదిలో, వేరే వేళల్లో చదువు చెప్పకూడదని 2010 కేంద్ర నిబంధనల్లో సూటిగా ఉంది. కాకపోతే అవి రాష్ట్రాలకి నేరుగా వర్తించేవి కావు. అందుకని రాష్ట్ర నిబంధనల్ని ముందుపెట్టి, వీటిని చట్టం ఉద్దేశం చూపించడానికి తోడు తెచ్చుకోవాలి.

సాక్ష్యం కూడబెట్టడం

ఏం కొలవాలో అమెరికా కేసే చెబుతుంది. వర్జీనియాలోని న్యూకెంట్ కౌంటీలో రెండే బళ్ళు, ఒకటి తెల్లవాళ్ళది, ఒకటి నల్లవాళ్ళది. 'ఎవరికిష్టమైన బళ్ళో వాళ్ళు చేరండి' అని బోర్డు చేతులు దులుపుకుంది. మూడేళ్ళలో ఒక్క తెల్ల పిల్లాడూ నల్ల బడికి రాలేదు. నల్ల పిల్లల్లో 85 శాతం ఉన్నచోటే ఉన్నారు. 1968లో సుప్రీంకోర్టు ఈ 'ఇష్టం' పథకాన్ని కొట్టేస్తూ పిల్లలు, టీచర్లు, ఇతర సిబ్బంది, రవాణా, ఆటపాటలు, వసతులు అనే ఆరింటా వేర్పాటు కనిపిస్తోందంది. మీ ఊరి కేసులో జిల్లా విద్యాధికారి (డీఈవో) కోర్టుకిచ్చే జవాబు, అంటే కౌంటరు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది: 'రెండు బళ్ళూ అందరికీ తెరిచే ఉన్నాయి, తల్లిదండ్రులే అలా చేర్చుకుంటున్నారు.' ఈ ఆరు అంశాల కింద అంకెలు ముందే సిద్ధంగా ఉంటే ఆ మాట నిలవదు. అమెరికా తీర్పు మన కోర్టుని కట్టడి చేయదు. ఏం కొలవాలో నేర్పుతుంది, అంతే.

అంకెలకోసం మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో సమాచారహక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి ఆఫీసుకి ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10, గ్రామ స్థాయికి ఏమీ లేదు. తెల్లకార్డు ఉంటే నకలు జతచేయండి, ఫీజు అడగరు. ప్రశ్నలు ఇలా ఉండాలి:

'ఫలానా గ్రామంలోని రెండు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో గత పది విద్యాసంవత్సరాలకు, తరగతివారీగా, ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ విద్యార్థుల సంఖ్య. అదే కాలానికి మంజూరైన టీచరు పోస్టులు, పనిచేసినవారి సంఖ్య, డిప్యుటేషన్‌పై వేరే బడికి పంపిన రోజులు. ఒక్కో బడికి గదులు, వాడుకలో ఉన్న మరుగుదొడ్లు, మంచినీటి వసతి, ప్రహరీ, వంటగది. గత ఐదేళ్ళలో ఖర్చుచేసిన నిధులు, పనివారీగా.'

పేర్లు అడగొద్దు, సంఖ్యలే అడగండి. పేర్లడిగితే వ్యక్తిగత సమాచారమని మొత్తం కాగితం తిప్పికొడతారు. 'వివక్ష ఎందుకు చూపుతున్నారు' లాంటి ప్రశ్నకీ జవాబు రాదు. ఉన్న రికార్డు ఇమ్మనాలి, అంతే. జవాబుకి గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లోగా రెండో అప్పీలు. డిప్యుటేషన్ రోజుల ప్రశ్న వదలొద్దు. కాగితంమీద పేట బడికి ఇద్దరు టీచర్లుంటారు. రెండో ఆయన ఏడాది పొడుగునా ఊరి బళ్ళోనే పనిచేస్తుంటాడు.

బడి లోపల జరిగేదానికి కాగితం దొరకదు, రాసుకోవాలి. మధ్యాహ్న భోజనం దగ్గర పదిహేను పనిదినాలు వరసగా నోటుపుస్తకంలో ఎక్కించండి: తేదీ, గంట వేళ, ఏ తరగతి, వరసలు ఎటుముఖంగా, ఎవరికి ముందు వడ్డించారు, కంచాలు బడివా ఇంటినుంచి తెచ్చినవా, కడిగినవి ఎక్కడ బోర్లించారు, నీళ్ళు కొళాయి తిప్పి తాగనిచ్చారా పైనుంచి పోశారా. తరగతిగదికి ఒక బొమ్మ గీసి ఎవరెక్కడ కూర్చున్నారో చుక్కలు పెట్టండి. 'ఎత్తుప్రకారం కూర్చోబెట్టాం' అంటారు. అందుకని చుక్క పక్కన ఎత్తు కూడా రాయండి. చీపురు ఎవరి చేతికిచ్చారో ఏరోజుకారోజు రాయాలి. పదిహేను రోజుల పట్టీలో అవే ఇళ్ళ పిల్లలు మళ్ళీమళ్ళీ కనబడితే వేరే వాదన అక్కర్లేదు.

పిల్లల్ని పదేపదే అడగొద్దు. ఒక్కసారి, తల్లి పక్కనుండగా, 'ఇవాళ అన్నం ఎక్కడ తిన్నావమ్మా' అన్నంత మామూలుగా అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. నేర్పిన సాక్ష్యం అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిమిషం నిలవదు. ఫొటోల్లో మొహాలు రాకుండా చూడండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. నేరానికి గురైన పిల్లలు ఎవరో తెలిసేలా ప్రచురిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద ఆ కేసు మీమీదే పడుతుంది.

వంటమనిషి సంగతి వేరుగా చూడాలి. పేటనుంచి వచ్చినావిడ వండితే ఊరి పిల్లలు క్యారేజీలు తెచ్చుకోవడం, నెల తిరక్కుండా ఆవిణ్ణి మార్చేయడం జరిగేదే. వంటవాళ్ళ నియామకంలో దళితులకి, ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని ఆహారహక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. తీసేసిన ఉత్తర్వు రాతపూర్వకంగా ఇమ్మని ఆవిడచేత అడిగించండి. రాతలో కారణం పెట్టడానికి చాలామంది జంకుతారు, అక్కడే సగం తీసివేతలు ఆగిపోతాయి. లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరే ఇప్పుడా పథకానికి ఉందని అర్జీలో ఒక వాక్యం రాసినా తప్పులేదు. కోర్టుకి అవసరం ఉండదుగానీ ఎంఈవోకి గుచ్చుకుంటుంది.

అర్జీలు, రసీదులు

ముందు అర్జీ పెట్టకుండా రిట్ వేస్తే 'అధికారుల్ని అడిగారా' అన్నది బెంచినుంచి వచ్చే మొదటి ప్రశ్న. విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద మండల పరిషత్‌కి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. ఎంఈవోకి, డీఈవోకి నకళ్ళు. మూడు నెలల్లో తేల్చాలి. ఆపైన బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఇచ్చి నంబరున్న రసీదు దాచుకోండి. నెలాఖరున పోలీసులు, రెవెన్యూవాళ్ళు కలిసి పౌరహక్కుల దినం జరుపుతారు. అక్కడ ఇచ్చిన అర్జీ మినిట్సులో ఎక్కిందో లేదో చూడండి. అట్రాసిటీ నిబంధనల కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి, మీ అంశాన్ని అజెండాలో పెట్టమని రాయండి. ప్రతి కాగితంమీదా తేదీ స్టాంపు ఉండాలి. గుమాస్తా స్టాంపు వేయనంటే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. నోటిమాటగా చెప్పినవి కోర్టులో లెక్కకి రావు.

వేళ చూసుకుని మొదలుపెట్టండి. బళ్ళు జూన్ 12న తెరుస్తారు, టీచర్ల బదిలీలు వేసవిలో జరుగుతాయి, హైకోర్టుకి మేలో సెలవులు. జనవరిలో సమాచారహక్కు దరఖాస్తు, మార్చిలోపు అర్జీ పడితే జూన్ మొదటివారానికి పిటిషన్ తయారుగా ఉంటుంది. ఆగస్టులో వేస్తే 'విద్యాసంవత్సరం మధ్యలో కదపలేం' అంటారు, ఏడాది పోయినట్టే.

పిటిషన్

ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. నర్సాపురం, భీమవరం, తణుకు, రాజోలు, అమలాపురం కోర్టుల్లో మండల న్యాయసేవల కమిటీలు, ఏలూరు, రాజమహేంద్రవరంలో జిల్లా సంస్థలు, నేలపాడులో హైకోర్టు కమిటీ ఉంటాయి. ఫోను నంబరు 15100.

పిటిషనర్లుగా సంఘం పేరు కాదు, తల్లిదండ్రులే ఉండాలి. ఐదారు కుటుంబాలకి తగ్గకుండా. అందరూ ఒకే కామందు దగ్గర కౌలుచేసేవాళ్ళో, ఒకే రొయ్యల చెరువులో కూలికెళ్ళేవాళ్ళో కాకూడదు. ఒక్క కబురుతో అందరూ వెనక్కి తగ్గే పరిస్థితి ఉంటే కేసు వాయిదాకి ముందే అయిపోతుంది. పని మాన్పించడం, సరుకు అమ్మకపోవడం లాంటి వెలి అదే అట్రాసిటీ చట్టంలో 3(1)(జడ్‌సీ) కింద నేరం. 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం గొడవలో దళితుల్ని ఎలా వెలేశారో ఈ జిల్లాలకి గుర్తే. బెదిరింపు వచ్చిన రోజే రాసి స్టేషన్లో ఇవ్వండి.

ప్రతివాదులు: పాఠశాల విద్యాశాఖ ముఖ్యకార్యదర్శి, కమిషనరు, కలెక్టరు, డీఈవో, ఎంఈవో, మండల పరిషత్, ఇద్దరు హెచ్‌ఎంలు. తెలుగు కాగితాలకి ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి, లేకపోతే రిజిస్ట్రీ వెనక్కి పంపుతుంది. 'వేరే మార్గం ఉండగా రిట్ ఎందుకు' అంటే, ప్రాథమిక హక్కుకి భంగం కలిగినచోట అది అడ్డు కాదని సుప్రీంకోర్టు 1998లో వర్ల్‌పూల్ కేసులో చెప్పింది.

ఇక ప్రేయర్. 'వివక్ష లేకుండా చూడాలని ఆదేశించండి' అని రాస్తే అంతే మాట తిరిగొస్తుంది, ఊళ్ళో ఏమీ మారదు. ఇలా రాయించండి: 'నాలుగు వారాల్లోగా పేట బడికి రెండో టీచరును నియమించాలి, రెండు బళ్ళనూ ఒకటి చేసే ప్రణాళికను ఎనిమిది వారాల్లోగా, తరగతివారీ విద్యార్థుల సంఖ్యతో సహా, కోర్టు ముందుంచాలి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి ముందస్తు సమాచారం లేకుండా మధ్యాహ్న భోజన సమయంలో తనిఖీచేసి నివేదిక ఇవ్వాలి, అప్పటివరకు పిటిషన్‌ను పెండింగులో ఉంచాలి.' చివరి ముక్క ప్రాణం లాంటిది. ఆహారహక్కు కేసుని సుప్రీంకోర్టు 2001 నుంచి ఏళ్ళతరబడి ముగించకుండా ఉంచి, ఎన్‌.సి. సక్సేనా, ఎస్‌.ఆర్‌. శంకరన్‌లను కమిషనర్లుగా వేసి నివేదికలు తెప్పించుకుంది. పథకం కాగితం దాటి పళ్ళెంలోకి వచ్చింది అందువల్లే.

కలపమని అడిగేటప్పుడు ఏ బిల్డింగులోకి అన్నది మీరే చెప్పండి. చెప్పకపోతే పేట బడి మూసి చిన్నపిల్లల్ని కాలవ దాటిస్తారు. అమెరికాలోనూ కలిపేటప్పుడు మూతపడినవి ఎక్కువగా నల్ల బళ్ళే, ఉద్యోగాలు పోయింది వేలమంది నల్ల టీచర్లకే. 2022 నాటి జీవో 117 కింద మూడు నుంచి ఐదు తరగతుల్ని హైస్కూళ్ళకి తరలించినప్పుడు, 2025లో దాన్ని పక్కనపెట్టి మోడల్ ప్రైమరీ బళ్ళు పెట్టినప్పుడు కూడా ప్రతి ఊళ్ళో తేలాల్సిన ప్రశ్న ఇదే: ఏది మోడల్, ఏది ఖాళీ. దూరాన్ని మ్యాపుమీద గీత గీసి కాకుండా నడకదారిన కొలవండి. లంక గ్రామాల్లోనైతే పంటు దాటే చోటు, కాజ్‌వే మునిగే రోజులు రాయండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరి మొదటి వరద హెచ్చరిక ఇచ్చిన తేదీలు జతచేస్తే, ఒక కిలోమీటరు లోపే ఉందన్న వాదన నీళ్ళలో కలుస్తుంది.

బెడిసికొట్టే చోట్లు

నోటీసు అందిన వారంలోపు రాజీకి పిలుస్తారు. మాట్లాడటంలో తప్పు లేదు, కానీ ఒప్పుకున్నది హెచ్‌ఎం సంతకంతో కాగితంమీద ఉంటేనే. తెల్లకాగితంమీద మీ సంతకం మాత్రం వద్దు. కొందరికి అడక్కుండానే టీసీ చేతిలో పెడతారు. ఎనిమిదో తరగతిలోపు పిల్లల్ని బడినుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 చెబుతుంది. టీసీ పుచ్చుకోకుండా అదేరోజు ఎంఈవోకి రాయండి. తనిఖీ రోజున పిల్లల్ని కలిపి కూర్చోబెట్టి ఫొటోలు తీసి కౌంటరుకి జతచేస్తారు. దానికి జవాబు మీ పదిహేను రోజుల నోటుపుస్తకమే, అందుకే దాన్ని అఫిడవిట్‌తోపాటు మొదటే వేయాలి. కౌంటరుకి జవాబుగా వేసే రిప్లైలో పెడితే తరవాత అల్లారంటారు.

కౌంటరు వేయకుండా వాయిదాలు సాగదీయడం మామూలే. రెండు వాయిదాలు చూసి, మధ్యంతర ఉత్తర్వుకోసం వేసిన దరఖాస్తుని (ఐఏ) విడిగా వినమని అడగమనండి. టీచరు పోస్టు లాంటి చిన్న అంశమైనా అందులో దొరుకుతుంది.

ఆర్డరు వచ్చాక

సర్టిఫైడ్ కాపీ తీసుకుని ప్రతి ప్రతివాదికీ రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి, అందినట్టు రుజువులు దాచండి. గడువు అందిన తేదీనుంచే లెక్కిస్తారు. అమలు కాకపోతే కంటెంప్ట్ (కోర్టు ధిక్కార) పిటిషన్ ఏడాదిలోపు వేయాలి, అది దాటితే కోర్టు ధిక్కార చట్టం సెక్షన్ 20 అడ్డొస్తుంది. డీఈవో బదిలీ అయిపోతుంటాడు. కొత్తగా వచ్చినాయనకి మళ్ళీ కాపీ పంపి, ఆయన పేరుతోనే వేయాలి.

కలిశారు కదా అని కేసు మూయించడానికి తొందరపడతారు. ఓక్లహామా సిటీ కేసులో 1991లో అమెరికా సుప్రీంకోర్టు, చేయగలిగినంత చేసిన బోర్డుని కోర్టు పర్యవేక్షణనుంచి వదిలేయవచ్చంది. ఆ తరవాత చాలాచోట్ల ఆర్డర్లు ఎత్తేశారు, బళ్ళు మళ్ళీ విడిపోయాయి. ఇక్కడ బడి కలిసిన రెండో ఏడే ఇంగ్లిష్ మీడియం సెక్షన్ ఒకటి, తెలుగు మీడియం ఒకటి అని గదులు విడిపోతాయి, లేదా 'చదివేవాళ్ళ బ్యాచ్' అంటారు. అందుకని మొదట పెట్టిన సమాచారహక్కు దరఖాస్తునే ప్రతి అక్టోబరులో మళ్ళీ పెట్టండి. ఈసారి ప్రశ్నలో 'తరగతివారీగా' పక్కన 'సెక్షన్‌వారీగా' అని చేర్చండి. పాత అంకెలు ఎడమ, కొత్త అంకెలు కుడి వేసి ఒక్క పేజీ పట్టిక చేస్తే, కంటెంప్ట్‌కైనా కొత్త రిట్‌కైనా మొదటి అనుబంధం అదే అవుతుంది.